కంచెకు రంగు వేయని కరాటే కిడ్

2010లో వచ్చిన ‘ది కరాటే కిడ్’ రీమేక్ బాగుందని ఎవరైనా అంటే నేను వాదనకి దిగుతాను. ఆఫీసులో అయినా సరే, పెళ్ళి భోజనాల దగ్గరయినా సరే. జాకీ చాన్ ఉన్నాడు కదా, చైనా అంతా బాగా చూపించారు కదా, డబ్బులు కూడా బాగానే వచ్చాయి కదా అంటారు. అవన్నీ నిజమే. 4 కోట్ల డాలర్ల బడ్జెట్‌తో తీస్తే ప్రపంచమంతా కలిపి 35 కోట్ల డాలర్లు దాటింది. కానీ 1984 నాటి సినిమాకి ప్రాణం ఎక్కడుందో సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టి తీసేసి, మిగతాదంతా సీను సీనుకీ జాగ్రత్తగా దించేశారు. నా బాధంతా దాని గురించే.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా పాప పటమటలో కరాటే క్లాసుకి వెళ్తోంది, ఆరెంజ్ బెల్ట్. వాళ్ళ బ్యాచ్‌లో పిల్లలకి కరాటే కిడ్ అంటే జాకీ చాన్ సినిమానే. దానికి ముందు ఒకటుందని చాలామందికి తెలియదు. ఇంగ్లీష్ సినిమా చూడాలంటే నవరంగ్ థియేటర్‌కి వెళ్ళడమే అనుకునే రోజుల్లో పెరిగినవాణ్ణి, నాకది మనసుకి పట్టలేదు. బెజవాడ ఎండలకి మధ్యాహ్నం బయటికి అడుగు పెట్టలేని సెలవుల్లో పాపని కూర్చోబెట్టి రెండూ చూపించాను, పాతది ముందు, కొత్తది తర్వాత.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. డేనియల్ అనే కుర్రాడు తల్లితో కలిసి న్యూజెర్సీ నుంచి లాస్ ఏంజెలెస్ వస్తాడు. అక్కడ కరాటే నేర్చుకున్న గ్యాంగ్ ఒకటి వాణ్ణి చితకబాదుతుంది. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో కుళాయిలూ అవీ రిపేర్ చేసే మియాగీ అనే జపాన్ పెద్దాయన వాణ్ణి కాపాడి, కరాటే నేర్పించి, టోర్నమెంట్‌కి తీసుకెళ్తాడు. తీసింది జాన్ ఆవిల్డ్‌సెన్, 1976లో ‘రాకీ’ తీసినాయన. కొత్తదానిలో డేనియల్ స్థానంలో డ్రే అనే పిల్లాడు డెట్రాయిట్ నుంచి బీజింగ్ వెళ్తాడు, మియాగీ స్థానంలో హాన్ (జాకీ చాన్) ఉంటాడు, కరాటే స్థానంలో కుంగ్ ఫూ ఉంటుంది.

ఇక అసలు విషయం. పాత సినిమాలో మియాగీ నేర్పిస్తానని మాటిచ్చి డేనియల్‌ని ఇంటికి పిలిచి ముందు కార్లకి వ్యాక్స్ పెట్టిస్తాడు. ఒకటి రెండు కాదు, అక్కడున్న పాత కార్లన్నిటికీ. కుడి చేత్తో ఇలా తిప్పి పెట్టు, ఎడం చేత్తో అలా తిప్పి తుడువు, ఊపిరి మర్చిపోకు, అంతే చెప్తాడు. మర్నాడు పెరట్లో చెక్క నేలంతా గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దమంటాడు. ఆ తర్వాత కంచె మొత్తానికీ రంగు, మణికట్టు పైకీ కిందకీ ఆడిస్తూ. ఆ తర్వాత ఇల్లు, ఈసారి పక్కలకి. ఆఖరి రోజు ఆయన చీటీ రాసిపెట్టి చేపలు పట్టుకోవడానికి వెళ్ళిపోతాడు. సాయంత్రం ఆయన చేపలతో తిరిగొచ్చేసరికి కుర్రాడు ఉడికిపోయి ఉంటాడు. నన్ను నీ ఇంటి పనికి వాడుకున్నావు, ఒక్క దెబ్బ కూడా నేర్పలేదు అని అరిచి వెళ్ళిపోబోతాడు.

అప్పుడు ఆయన వెనక్కి పిలుస్తాడు. నేల రుద్దినట్టు చేసి చూపించమంటాడు. భుజం నొప్పితో చెయ్యి లేవదు, ఆయన అరచేతులు రెండూ గట్టిగా రుద్ది ఆ భుజం మీద పెట్టి సర్దుతాడు. తర్వాత ఒక్కొక్క పనీ చేయిస్తాడు, వేళ్ళు సరిచేస్తాడు, మోచెయ్యి లోపలికి నెడతాడు, మొహంలో నవ్వు లేదు. ఉన్నట్టుండి గట్టిగా అరుస్తూ పంచ్ విసురుతాడు. డేనియల్ చెయ్యి దానంతటదే లేచి ఆపుతుంది. ఇంకో పంచ్, ఆపుతాడు. కిక్, ఆపుతాడు. పైనా, కిందా, పక్కనా, ఏ వైపు నుంచి వచ్చినా ఈ నాలుగు రోజుల పనిలో దానికో జవాబుంది. అంతా అయ్యాక ఆయన వంగి నమస్కరిస్తాడు, వీడూ వంగుతాడు, కానీ కళ్ళు కిందకి దించుతాడు. కళ్ళలోకే చూడాలని ఆయన సరిదిద్ది, రేపు రమ్మని చెప్పి ఇంట్లోకి వెళ్ళిపోతాడు. ఆ కుర్రాడు నోట మాట లేకుండా నిలబడిపోతాడు.

ఈ సీన్ దగ్గర మా పాప రిమోట్ లాక్కుని పాజ్ చేసింది. లేచి హాల్లో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, చెయ్యి చెవి దగ్గర నుంచి మోకాలి మీదుగా కిందకి తుడిచి, “నాన్నా, నేల రుద్దేది గెడాన్ బరాయ్ కదా?” అంది. అచ్చంగా అదే కాదు గానీ వెళ్ళే దారి అదే. క్లాసులో కింద నుంచి వచ్చే కిక్‌ని ఆపడానికి వాళ్ళ మాస్టారు రోజూ చేయించే బ్లాక్ అది. సినిమా తనకి చెప్పకుండానే చెప్పింది, పిల్ల పట్టుకుంది. ఇది రాసిన రాబర్ట్ మార్క్ కేమెన్ జపాన్‌లోని ఒకినావా దీవి పద్ధతి అయిన గోజు-ర్యు కరాటే నేర్చుకున్న మనిషి. మియాగీ అనే పేరు కూడా ఆ శైలిని స్థాపించిన చోజున్ మియాగీది. తెలిసినవాడు రాశాడు కాబట్టే చేతి కదలికలు ఊరికే పెట్టినవి కావు.

కొత్తదానిలో దీనికి బదులు జాకెట్ ఉంది. హాన్ ఒక స్తంభానికి మేకు కొట్టి, జాకెట్ విప్పు, తగిలించు, తీసి కింద పడెయ్, తియ్యి, తొడుక్కో అంటాడు. రోజుల తరబడి అదే, వానలో కూడా అదే. న్యాయంగా చెప్పాలంటే దానికి కారణం కూడా పెట్టారు. డ్రే ఇంట్లో జాకెట్ నేల మీద పడేసి తల్లితో తిట్లు తినడం హాన్ చూసి ఉంటాడు, కాబట్టి ఆ చదువులో తల్లి పట్ల మర్యాద కూడా కలిసి ఉంది. ఆలోచన మంచిదే. కాగితం మీద రాసుకున్నప్పుడు పాతదానికంటే బాగున్నట్టు కూడా అనిపించి ఉంటుంది.

కానీ డ్రేకి వచ్చేది విసుగు, డేనియల్‌కి వచ్చింది అన్యాయం జరుగుతోందన్న కోపం. ఆ రెండిటికీ చాలా తేడా ఉంది. జాకెట్ తగిలిస్తే ఎవరికీ లాభం లేదు, కాబట్టి పెద్దాయన మోసం చేస్తున్నాడేమో అన్న అనుమానానికి చోటే లేదు. డేనియల్‌కి మాత్రం చేతులు బొబ్బలెక్కాయి, ఆయన కార్లు మెరుస్తున్నాయి, ఆయన కంచెకి కొత్త రంగు పడింది, ఆయన ఇల్లు కొత్తగా అయింది. చూసేవాళ్ళకి కూడా మొదటిసారి చూస్తున్నప్పుడు ఈ ముసలాయన మంచివాడేనా అన్న డౌట్ వస్తుంది. ఆ నమ్మకం తెగిపోయే దాకా లాగి, తెగబోయే క్షణంలో పట్టుకుంటాడు దర్శకుడు. పైగా ఆ చాకిరీ ఊరికే పోదు. డేనియల్ పుట్టినరోజుకి ఆ వ్యాక్స్ పెట్టిన కార్లలోనే ఒకటి, పసుపు రంగు ఫోర్డ్, ఆయన వాడికి ఇచ్చేస్తాడు. తన చేత్తో తోమిన కారు తన చేతికే వస్తుంది. రీమేక్‌లో ఈ లెక్క మొత్తం పోయింది.

ఇంకోటి. 2010 నాటికి ఆ వ్యాక్స్ సీన్ ప్రపంచంలో తెలియనివాడు లేడు. జాకెట్ మొదటిసారి మేకుకి తగలగానే థియేటర్లో అందరికీ ఇది ఎక్కడికి వెళ్తుందో తెలిసిపోయింది. తెలిసిన ముడిని మళ్ళీ వేసి మళ్ళీ విప్పితే ఆశ్చర్యం ఎక్కడి నుంచి వస్తుంది? దర్శకుడు హెరాల్డ్ జ్వార్ట్ మనల్ని ఏమార్చడానికి వేరే దారి వెతకాల్సింది. మన దగ్గర రీమేకులు చూసి చూసి ఉన్నాం, ఒక ఊరి కథని ఇంకో ఊరికి తెచ్చేటప్పుడు ఏం మార్చాలి, ఏం ముట్టుకోకూడదు అన్నది బెజవాడ ప్రేక్షకుడికి ఒకరు చెప్పక్కర్లేదు.

మనవాళ్ళకి ఆ పాత సినిమా అంత దగ్గరగా అనిపించడానికి కారణం కూడా ఆ చాకిరీ సీనేనని నా నమ్మకం. గురువు ఇంట్లో నీళ్ళు మోసి, కట్టెలు కొట్టి, ఆయన చెప్పినప్పుడే విద్య అందుకోవడం మనం చిన్నప్పటి నుంచి కథల్లో విన్నదే. నేను సత్యనారాయణపురంలో ఒక స్కూల్ గ్రౌండ్‌లో కరాటే నేర్చుకున్నాను. మా మాస్టారు పొద్దున్నే క్లాస్ మొదలుపెట్టే ముందు మాతోనే గ్రౌండ్ ఊడ్పించేవారు. పొడుగు చీపుర్లు నాలుగుండేవి, వాటి కోసం పోటీ పడేవాళ్ళం. ఊడ్చాక వరసగా కూర్చుని గులకరాళ్ళు ఏరాలి. “పడేది మీరే, రాళ్ళు ఏరాల్సింది కూడా మీరే” అనేవారు. అందులో ఏ టెక్నిక్కూ దాచలేదాయన, ఊడ్చిన చేతికి ఏ బ్లాకూ రాలేదు. కానీ ఆ నేల మాది అనిపించేది. బెల్ట్ లేనివాడూ బ్రౌన్ బెల్ట్ వాడూ పక్కపక్కన కూర్చుని రాళ్ళు ఏరేవారు. ఇప్పుడు మా పాప క్లాసులో మ్యాట్లు ఉన్నాయి, శుభ్రం చేసే మనిషి ఉన్నారు, గ్రేడింగ్ అయిన వెంటనే సర్టిఫికెట్ ఫొటో గ్రూప్‌లో పెడతారు. నేర్పేది బాగానే నేర్పుతున్నారు, కాదనను. తొమ్మిదో తరగతి రాగానే సగం మంది మానేస్తారు, ఐఐటీ కోచింగ్ అంటారు, అది వేరే గొడవ.

పాత సినిమాలో నన్ను ఎప్పుడూ కుదిపేసేది ఇంకో సీన్, దాని గురించి చెప్పకుండా ఉండలేను. ఒక రాత్రి డేనియల్ వెళ్ళేసరికి మియాగీ పాత సైనిక దుస్తుల్లో ఒంటరిగా తాగుతూ ఉంటాడు. పెళ్ళిరోజు. భార్య ఫొటో చూపిస్తాడు, డేనియల్‌కి కూడా పోస్తాడు, పాట పాడతాడు, ఒరిగిపోతాడు. ఆయన దగ్గరున్న టెలిగ్రామ్‌లో విషయం ఉంటుంది: ఆయన అమెరికా తరఫున రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడుతుండగా, అదే అమెరికా ఆయన భార్యని మంజనార్ నిర్బంధ క్యాంపులో పెట్టింది, అక్కడ కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. డేనియల్ ఆయన్ని పడుకోబెట్టి, వెళ్ళబోతూ వంగి నమస్కరిస్తాడు.

ఇది కల్పించిన చరిత్ర కాదు. 1942లో అమెరికా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి లక్ష మందికి పైగా జపాన్ మూలాలున్నవాళ్ళని, అందులో ఎక్కువ మంది అమెరికా పౌరులే, ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి క్యాంపుల్లో పెట్టారు. ఆ జపనీస్ అమెరికన్ కుర్రాళ్ళతోనే నడిచిన అమెరికా సైన్యపు 442వ రెజిమెంట్ యూరప్‌లో ఎన్ని పతకాలు తెచ్చిందో చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. మియాగీగా వేసిన ప్యాట్ మొరీటా కూడా చిన్నప్పుడు వెన్నెముకకి టీబీ వచ్చి ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉండి, కాస్త నడక రాగానే అరిజోనాలోని గీలా రివర్ క్యాంపుకి వెళ్ళినవాడే. కథ నడక నెమ్మదిస్తుందని ఆ తాగిన సీన్ తీసేయమని స్టూడియో వాళ్ళు అన్నారు, దర్శకుడు పట్టుబట్టి ఉంచాడు. అప్పటిదాకా కామెడీ నటుడిగానే పేరున్న మొరీటాకి సహాయ నటుడి విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. పోరాటం వద్దని ఆ పెద్దాయన ఎందుకంటాడో ఆ ఒక్క సీన్ చెప్పేస్తుంది.

రీమేక్‌లో దానికి సమానంగా ఉన్న సీన్, నిజం ఒప్పుకోవాలి, చాలా బాగుంది. హాన్ ఇంట్లోనే పెట్టుకుని ఏడాదంతా ఒక కారు బాగుచేస్తాడు. భార్యా కొడుకూ కార్ యాక్సిడెంట్లో పోయిన రోజున దాన్ని తనే సుత్తితో పగలగొడతాడు. ఆ యాక్సిడెంట్ రోజు కారు నడిపింది తనే. జాకీ చాన్ అంతలా ఏడవడం నేను వేరే సినిమాలో చూడలేదు. డ్రే ఏమీ మాట్లాడకుండా ప్రాక్టీస్ కర్రలు తెచ్చి, వాటి పట్టీలు ఆయన చేతులకి తగిలించి లేవదీస్తాడు, ఇద్దరూ వాన చప్పుడులో కదులుతారు. ఆ కాసేపు మా పాపా నేనూ కూడా కదల్లేదు. కానీ ఆ దుఃఖానికి బీజింగ్‌తో సంబంధం లేదు, కుంగ్ ఫూతో సంబంధం లేదు, అది ఏ దేశంలో ఎవరికైనా జరగొచ్చు. సినిమాని చైనా దాకా మోసుకెళ్ళిన దర్శకుడికి చైనా మనిషి బతుకులో, ఆ దేశం చూసిన అంత చరిత్రలో ఒక్క సంగతి దొరకలేదా అని బాధేస్తుంది. దొరికింది మహా గోడ మీద ప్రాక్టీసు, నిషిద్ధ నగరమనే పాత రాజకోటలో స్కూల్ టూరు, వుడాంగ్ కొండ మీద నాగుపాము ముందు నిలబడిన ఆడమనిషి. చైనా ప్రభుత్వ సంస్థ నిర్మాణంలో ఉంది, చూపించాల్సినవి చూపించారు. పాతదాని కంటే పది నిమిషాలకి పైగా ఎక్కువ నిడివి ఉండి కూడా నేర్చుకునే భాగం మాత్రం పరుగెత్తినట్టే ఉంటుంది.

పిల్లల వయసు విషయం కూడా నాకు మింగుడు పడలేదు. డేనియల్‌గా వేసిన రాల్ఫ్ మాచియోకి షూటింగ్ నాటికి ఇరవై దాటాయి, హైస్కూల్ కుర్రాడిగా వేశాడు. డ్రేగా వేసిన జేడెన్ స్మిత్‌కి పదకొండేళ్ళు. కష్టపడ్డాడు, ఒళ్ళు వంచాడు, పిల్లాణ్ణి ఒక్క మాట అనను. కానీ పన్నెండేళ్ళ పిల్లల్ని నేలకేసి కొడుతూ, పెద్దవాళ్ళ సినిమాల్లో వాడే దెబ్బల చప్పుడు వాళ్ళ మీద వేస్తే, పక్కన అదే వయసు పిల్లని పెట్టుకుని చూడటం కష్టం. మా పాప మొదటి ఫైట్‌లోనే దిండు గట్టిగా పట్టుకుంది. పాతదానిలో డేనియల్ కాలిని తన్ని పడగొట్టమని కోచ్ చెప్పినప్పుడు ఆ గ్యాంగ్ నాయకుడు జానీ మొహం చూడండి, విలియం జాబ్కా కళ్ళలో ఒక్క క్షణం భయం, సిగ్గు, రెండూ కనిపిస్తాయి. మూడు దశాబ్దాల తర్వాత ఆ ఓడిపోయిన కుర్రాడి మీద ఏకంగా ఆరు సీజన్ల సిరీస్ తీయగలిగారంటే ఆ ఒక్క చూపులో అంత మనిషి ఉన్నాడు కాబట్టే. కొత్తదానిలో జానీ స్థానంలో ఉన్న చెంగ్‌కి దాదాపు చివరిదాకా కోపం తప్ప ఇంకోటి ఇవ్వలేదు. చివర్లో పిల్లలంతా హాన్‌కి వంగి నమస్కరిస్తారు, అది మంచి ఊహ, కానీ అప్పటిదాకా వాళ్ళ మనసులో ఏముందో చూపించకపోతే ఆ నమస్కారం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. క్లైమాక్స్ కిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాతదానిలో ఒంటి కాలి మీద నిలబడి ఒక్క దెబ్బ, కొన్ని సెకన్లలో సినిమా అయిపోతుంది. ఇక్కడ గాల్లో పల్టీ, స్లో మోషన్.

ఇక కరాటే లేని కరాటే కిడ్ అన్న విషయం. మా పాప సగంలోనే అడిగింది, ఇందులో కరాటే ఎప్పుడొస్తుంది నాన్నా అని. కుంగ్ ఫూ మీద నాకే కోపమూ లేదు, అది మహా విద్య, దాని కథ దానికి కావాలి. అసలు అన్యాయం ఏంటంటే, చైనాకి వెళ్ళడానికి దారి పాత సినిమాలోనే ఉంది. ఈ విద్య చైనా నుంచి ఒకినావాకి వచ్చిందని, తెచ్చింది తన పూర్వీకులేనని మియాగీ డేనియల్‌కి చెప్తాడు. నిజ జీవితంలో కూడా చోజున్ మియాగీకి గురువైన కాన్‌ర్యో హిగావొన్నా చైనాలోని ఫుజౌ వెళ్ళి నేర్చుకుని వచ్చినవాడు. అంటే కరాటే పిల్లాడు ఒకడు ఆ మూలం వెతుక్కుంటూ చైనా వెళ్ళే కథ రెడీగా ఉంది! ఆ దారం పట్టుకుని ఉంటే రీమేక్ అనే మాటే ఎవరూ అనేవారు కాదు, దానికది గొప్ప సినిమా అయ్యేది. పట్టించుకోలేదు. 2025లో ‘కరాటే కిడ్: లెజెండ్స్’లో మాచియోనీ జాకీ చాన్‌నీ కలిపి ఆ సంబంధాన్ని గుర్తుచేశారు గానీ గంటన్నరలో అన్నీ ఇరికించేసరికి ఏదీ నిలబడలేదు, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మీ పిల్లలు కరాటేకి వెళ్తుంటే, వాళ్ళు జాకీ చాన్ది చూసేసి ఉన్నా పర్వాలేదు, 1984ది తప్పకుండా చూపించండి. ఇంగ్లీష్ అంతా అందకపోతే పక్కన కూర్చుని చెప్పండి. ముఖ్యంగా ఆ తాగిన సీన్ దగ్గర ఫార్వర్డ్ చేయొద్దు, పిల్లలు చూడకూడదని చాలామంది అక్కడ నొక్కేస్తారు. ఆపి, టెలిగ్రామ్‌లో ఏముందో, మంజనార్ అంటే ఏంటో చెప్పి మళ్ళీ ప్లే చేయండి. మా పాప ఆ తర్వాత రెండో భాగం కూడా కావాలంది, 1986ది, కథ ఒకినావాలోనే నడుస్తుంది. ఆదివారం క్లాస్ అయి వచ్చాక పెడతానని చెప్పాను.